అరిగిన డిఫరెన్షియలును మరల కూర్చుట: షిమ్ముల లెక్క

ట్రాక్టరు ఇంజను చెడినచో ఆ పూటనే తెలియును. బండి కదలదు గనుక యజమాని వెంటనే మెకానిక్కునకు కబురు పంపును. వెనుక ఇరుసులోని డిఫరెన్షియలు అట్టిది కాదు. అది రెండు మూడు సాగుకాలములు మూలుగుచునే పనిచేసి, తుదకు దమ్ము చేయు అదనున, మోకాలిలోతు బురదలో, పళ్లు విరిగి కూలబడును. అప్పుడు నష్టము ఒక యంత్రముతో పోదు. ఆ ట్రాక్టరుకొరకు వంతు పెట్టుకొన్న పదిమంది రైతుల మళ్లు ఆగును, నారు ముదురును, కాలువనీటి వంతు దాటిపోవును. బేరింగు వెలతో పోవలసినది క్రౌను, పినియను, కేజి అన్నింటిని మార్చు ఖర్చుగా పరిణమించును.

“శబ్దము వచ్చుచున్నది, ఒక షిమ్ము వేయుము” అని డ్రైవర్లు అడుగుటయు, అడిగినట్లే వేసి పంపుటయు పలుచోట్ల జరుగుచున్నది. ఈ పాఠమున చెప్పదలచిన ముఖ్య విషయము ఒక్కటే. షిమ్ము అరుగుదలకు మందు కాదు. మంచి భాగములను తగిన తావున నిలుపుటకు అది కొలత బిళ్ల మాత్రమే. అరిగిన దానిని ముందు మార్చవలెను, పిమ్మట కొలవవలెను, ఆ పిమ్మటనే షిమ్ము వేయవలెను. ఈ క్రమము తలక్రిందులైనచో ఖర్చు రెండు మారులు వచ్చును.

ప్రతి రైతును ఈ పని స్వహస్తములతో చేయవలెనని నా ఉద్దేశము కాదు. ఇది పనితెలిసిన మెకానిక్కు చేయవలసినదే. అయితే సొమ్ము పెట్టు యజమానియు, సంఘపు ట్రాక్టరును చూచుకొను సభ్యులును పని క్రమమును ఎరిగియున్నచో, ఏమి అడుగవలెనో, ఏ కొలతను కన్నులార చూడవలెనో తెలియును.

1. డిఫరెన్షియలు చేయు పని

కళ్లమునందు మేటి చుట్టు పశువులను బంతి కట్టి త్రిప్పుట పెద్దలందరు ఎరిగినదే. మేటికి దగ్గరనున్న ఎద్దు కొద్ది అడుగులు వేయును. వెలుపలి కొసనున్న ఎద్దు అంతలోనే ఎన్నో అడుగులు వేయవలెను. మడి చివర ట్రాక్టరు మలుపు తిరుగునపుడు దాని వెనుక చక్రములకును ఇదే అవస్థ. ఎద్దుబండి చక్రములు ఇరుసుపై దేనికది విడిగా తిరుగును గనుక బండికి ఈ చిక్కు లేదు. ట్రాక్టరులో చక్రములను ఇంజనే త్రిప్పవలెను. కావున బలమును రెండింటికి పంచుచు, ఏ చక్రము ఎంత వేగముగ తిరుగవలెనో ఆ చక్రమునకే విడిచిపెట్టు అమరిక కావలసివచ్చినది. ఇట్టి అమరికకు 1820ల చివర ఫ్రాన్సు దేశమున ఒనెసిఫోర్ పెకర్ అను గడియారముల పనివాడు ఆవిరిబండికొరకై పేటెంటు పొందెను.

బలము పంచుటలో డిఫరెన్షియలు కాడివంటిది. రెండు ఎద్దులును సమముగ లాగిననే అరక సాగును. ఒక ఎద్దు కాలుజారి పట్టు విడిచినచో, రెండవది ఎంత బలమైనదైనను కాడి ఒక ప్రక్కకు తిరుగునే గాని నాగలి ముందుకు రాదు. అట్లే ఒక చక్రము బురదలో జారుచున్నపుడు గట్టినేలమీది చక్రము నిలిచిపోవును. జారు చక్రము రెట్టింపు వేగముతో తిరుగును. ఆ సమయమున డిఫరెన్షియలు లోపలి చిన్న గేర్లు ఎన్నడు తిరుగనంత వేగముగ తిరుగుచు, తాము కూర్చున్న ఇరుసును, తమ వెనుకనున్న వాషర్లను అరుగదీయును. ఈ సంగతి జ్ఞాపకమున్నచో అరుగుదలకు కారణములు సులభముగ బోధపడును.

2. లోపలి భాగములు

గేరుబాక్సునుండి వచ్చు బలము మొదట పినియను అను చిన్న గేరునకు చేరును. పినియను తన పళ్లతో క్రౌను అను పెద్ద పళ్లచక్రమును త్రిప్పును. ఇక్కడ బలము దిక్కు మారి చక్రములవైపు తిరుగును. వేగము తగ్గి లాగుడు హెచ్చును. క్రౌను ఒక ఇనుప కేజికి బోల్టులతోగాని రివెట్లతోగాని బిగింపబడి యుండును. కేజి లోపల క్రాసు అను అడ్డ ఇరుసుమీద రెండుగాని నాలుగుగాని స్టార్ పినియన్లును, వాటిని కరచుకొని ఇరుప్రక్కల రెండు సైడు గేర్లును ఉండును. సైడు గేర్లనుండి బలము చక్రముల ఇరుసులకు పోవును. ట్రాక్టరు తిన్నగా పోవునపుడు కేజి అంతయు ఒక్క ముద్దగా తిరుగును. మలుపులోను, చక్రము జారినపుడును మాత్రమే స్టార్ పినియన్లు తమంతట తాము తిరుగును.

పినియనును, కేజిని మోయునవి సాధారణముగ కోసు రోలర్ల బేరింగులు. 1898లో అమెరికాదేశమున హెన్రీ టిమ్కెన్ అను గుర్రపుబండ్ల తయారీదారు పేటెంటు పొందినది ఇట్టి బేరింగునకే. రోలర్లు ఏటవాలుగ నుండుటచే ఇవి పైబరువునే గాక ప్రక్కనుండి వచ్చు త్రోపును కూడ భరించును. అయితే వీటిని కొద్ది బిగువుతో కూర్చవలెను. ఈ బిగువును మెకానిక్కులు ప్రీలోడు అందురు. బిగువు చాలకున్న పినియను లోడు వచ్చినపుడెల్ల వెనుకకు జరిగి పళ్ల పట్టు తప్పును. బిగువు ఎక్కువైన బేరింగు వేడెక్కి కాలిపోవును.

షిమ్ము అనగా తెలిసిన మందము గల పలుచని ఉక్కు రేకు. ఇవి 0.05, 0.10, 0.20, 0.50 మిల్లీమీటర్ల వంటి మందములలో దొరకును. మనిషి తలవెంట్రుక మందము సుమారు 0.05 మొదలు 0.10 మిల్లీమీటరు వరకుండును గనుక, ఈ పనిలో వెంట్రుకవాసి అను మాట అతిశయోక్తి కాదు. షిమ్ములు మూడింటిని నిర్ణయించును: పినియను క్రౌను నడిమికి ఎంత దగ్గరగ నుండవలెనో అది ఒకటి; బేరింగుల ప్రీలోడు రెండవది; క్రౌను పినియను పళ్ల నడుమ విడువవలసిన సందు మూడవది. ఈ సందును బ్యాక్‌లాషు అందురు. నూనె పొర నిలుచుటకును, వేడికి ఇనుము వ్యాకోచించుటకును కొంత సందు తప్పక కావలెను.

3. అరుగుదలకు కారణములు

మొదటి కారణము నూనె. దమ్ములో పలుదినములు తిరిగిన ట్రాక్టరు ఇరుసులోనికి అరిగిన సీళ్లగుండను, మూసుకొని చెడిన గాలిగొట్టముగుండను నీరు చేరును. నీరు కలిసిన నూనె మజ్జిగవలె తెల్లబారును. అది పళ్లమీద నిలువదు. బేరింగులకు తుప్పు పట్టించును. దమ్ము ముగిసిన వెంటనే నూనె మార్చక ఆ ట్రాక్టరునే ధాన్యపు ట్రక్కునకు కట్టుట మిక్కిలి హానికరము.

రెండవది జారుడు. ఒక చక్రము గోతిలో జారుచుండగా ఇంజను గట్టిగ లేపి నిలువునిమిషములు త్రిప్పినచో స్టార్ పినియన్ల వాషర్లు కొద్దిసేపటిలోనే చెడును. చక్రము జారుచుండగా లాకు వేయుటయు తప్పే. లాకు పళ్లు విరుగును. ముందు క్లచ్చి తొక్కి చక్రము ఆగనిచ్చి, లాకు వేసి, మెల్లగ కదలి, తిన్నగా బయటికి వచ్చి లాకు తీయవలెను. లాకుతో మలుపు తిరుగరాదు.

మూడవది ట్రక్కు బరువు. చెరకుగాని ఇసుకగాని మితిమీర నింపి గట్టు ఎక్కించునపుడు క్లచ్చిని ఒక్కసారి వదలుట పళ్లను సమ్మెటతో కొట్టినట్లగును. నాలుగవది, ఒక ప్రక్క బ్రేకు తొక్కి మడి చివరల వేగముగ తిరుగుట. ఒక చక్రము ఆపబడినపుడు రెండవదానిని త్రిప్పు భారము స్టార్ పినియన్లమీద పడును. మెల్లగ తిరిగిన హాని లేదు. వేగముగ తిరిగిన అరుగుదల తప్పదు.

4. శబ్దమును బట్టి రోగమును గుర్తించుట

కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని సామెత. ట్రాక్టరు సంగీతమును మాత్రము శ్రద్ధగ వినవలెను.

(అ) లాగునపుడు ఒక స్వరము, యాక్సిలరేటరు వదలి పల్లమున దిగునపుడు వేరొక స్వరము వచ్చినచో క్రౌను పినియను పళ్ల పట్టును అనుమానింపవలెను.

(ఆ) లాగినను వదలినను మారక, వేగముతోపాటు హెచ్చు గరగర శబ్దము బేరింగులది. పినియను క్రౌనుకంటె ఎన్నో రెట్లు వేగముగ తిరుగును గనుక దాని బేరింగు శబ్దము సన్నగ, ఎడతెగక వచ్చును.

(ఇ) తిన్నగా పోవునపుడు లేక, మలుపులలో మాత్రమే వచ్చు శబ్దము స్టార్ పినియన్లది, వాటి వాషర్లది, లేదా చక్రపు బేరింగుది.

(ఈ) క్లచ్చి వదలగనే ఠంగుమని కొట్టుకొనుట ఆట పెరిగినదనుటకు గుర్తు. ఈ ఆట గేరుబాక్సులోను, చివరి గేర్లలోను కూడ ఉండవచ్చును గనుక దీనిని మాత్రమే నమ్మి ఇరుసు విప్పరాదు.

(ఉ) క్రమము తప్పక టక్కుటక్కుమను దెబ్బ వినబడినచో పంటి ముక్క ఊడియుండును. ఆ క్షణముననే ట్రాక్టరు ఆపవలెను. ఊడిన ముక్క ఇతర పళ్ల నడుమ పడినచో పెట్టె పగులును.

పిమ్మట నూనె దింపి చూడవలెను. అయస్కాంతపు బిరడా ఉన్నచో దానికంటిన సన్నని బూడిదరంగు పేస్టు సాధారణమైనదే. మెరయు పెళ్లలు, సూదులవంటి ముక్కలు ఉన్నచో విప్పక తప్పదు.

5. విప్పుటకు ముందు చేయవలసినవి

ట్రాక్టరును గట్టి సమతలముపై నిలిపి, ముందు చక్రములకు ఇరువైపుల మొద్దులు పెట్టవలెను. జాకీనిగాని హైడ్రాలిక్కు లిఫ్టునుగాని నమ్మి క్రిందికి దూరరాదు. గట్టి స్టాండ్లపై బరువు నిలిపిన తరువాతనే చక్రములను, ఇరుసులను విప్పవలెను. విడదీయు ప్రతి బరువైన భాగమును కప్పీగొలుసుతో పట్టి దింపవలెను. ప్రాణముకంటె దమ్ము అదను గొప్పది కాదు.

పాత భాగములను పీకివేయుటకు ముందు మూడు కొలతలు పుస్తకమున వ్రాసుకొనవలెను: ఉన్న బ్యాక్‌లాషు ఎంత, కేజి ప్రక్కలకు ఊగుచున్నచో ఎంత, పినియను ముందువెనుకలకు జరుగుచున్నచో ఎంత. చాలమంది దీనిని వదలివేయుదురు. విప్పిన తరువాత ఈ సాక్ష్యము మరల దొరకదు. ఏ ప్రక్క షిమ్ములను ఆ ప్రక్కకే తీగెతో గ్రుచ్చి, ఎడమ, కుడి, పినియను అని చీటీ కట్టవలెను. బేరింగు మూతలకు, అవి కూర్చున్న తావులకు జత గుర్తులు పెట్టవలెను. అవి ఒకదానికొకటి జతగ తొలువబడినవి, మార్చిన కుదురవు.

6. పరీక్ష: ఏది ఉంచవలెను, ఏది మార్చవలెను

అన్నింటిని కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, వెలుతురులో చూడవలెను.

క్రౌను, పినియను పళ్లమీద గుంటలు, పెచ్చులు, విరుగుడు ఉన్నచో ఆ జంటను మార్చవలెను. క్రౌనును మాత్రమేగాని, పినియనును మాత్రమేగాని కొనరాదు. ఈ రెండును కర్మాగారమున ఒకదానితో ఒకటి ఒరపిడి పెట్టి జతచేయబడినవి. రెండింటి మీదను ఒకే జత సంఖ్య చెక్కియుండును. సంఖ్య కలిసినదో లేదో అంగడిలోనే చూచుకొనవలెను. విరిగిన పంటిని వెల్డింగుతో నింపుట ప్రమాదము. గట్టిపరచిన ఉక్కు వెల్డింగు వేడికి గట్టిదనము కోల్పోవును. ఆ పన్ను నిలువదు.

బేరింగులలో రోలర్లమీదను, వెలుపలి గిన్నెలోను గుంటలు, నీలిరంగు, తుప్పు మచ్చలు ఉన్నచో గిన్నెతో సహా మార్చవలెను. కొత్త రోలర్లను పాత గిన్నెలో పెట్టుట కొత్త చెప్పును ముల్లుతో తొడిగినట్లుండును.

క్రాసు ఇరుసుపై చేతిగోటికి తగులు మెట్టు ఉన్నచో అదియు, వాషర్లును మార్చవలెను. క్రాసు కూర్చుండు కేజి రంధ్రములు కోడిగ్రుడ్డువలె సాగియున్నచో, లేక బేరింగు కూర్చుండు మెడ అరిగి బేరింగు వ్రేళ్లతోనే జారివచ్చుచున్నచో, అక్కడ ఏ షిమ్మును పనిచేయదు. కేజిని మార్చవలెను. వదులైన బేరింగు క్రింద డబ్బారేకు చుట్టి బిగించుట కొన్నిచోట్ల అలవాటు. ఆ రేకు కొలదిదినములలో నలిగి, ముక్కలై, కొత్త బేరింగులోనికే చేరును.

7. మరల కూర్చుట

మొదట కేజి. స్టార్ పినియన్లను, సైడు గేర్లను కొత్త వాషర్లతో, నూనె పట్టించి కూర్చవలెను. చేతితో త్రిప్పినపుడు పట్టకుండ తిరుగవలెను. చేతికి ఊగునంత ఆటయు ఉండరాదు. క్రౌను కూర్చుండు ముఖమును అద్దమువలె తుడువవలెను. అక్కడ చిక్కుకొన్న చిన్న ఇనుపరజను క్రౌనును వంకరగ నిలుపును. బోల్టులను ఎదురెదురుగ, విడతలుగ, తయారీదారు చెప్పిన బిగువునకు టార్కు రెంచితో బిగింపవలెను. బేరింగులను సుత్తితో కొట్టక, నూనెలో 100 డిగ్రీల సెంటిగ్రేడుకు అటునిటుగ వేడిచేసి తొడుగవలెను.

రెండవది పినియను. ఇక్కడ ఒక హెచ్చరిక. “షిమ్ము కలిపిన పినియను లోపలికి పోవును” అని కొందరు కంఠస్థము చేసియుందురు. అది అన్ని ట్రాక్టర్లకు నిజము కాదు. పినియను తలకును, దాని వెనుక బేరింగునకును నడుమ షిమ్ము ఉండు అమరికలో షిమ్ము కలిపిన పినియను క్రౌను వైపు పోవును. పినియను ఒక గిన్నెలో కూర్చబడి, ఆ గిన్నె అంచు క్రింద షిమ్ములు ఉండు అమరికలో షిమ్ము కలిపిన పినియను క్రౌనునుండి వెనుకకు వచ్చును. కావున ప్రతి షిమ్మునకు ముందు ఒక ప్రశ్న వేసికొనవలెను: ఈ బిళ్ల ఏ భాగమును ఏ దిక్కునకు నెట్టుచున్నది? ఈ ప్రశ్నకు బదులు తెలియక షిమ్ము వేయువాడు చీకటిలో విత్తనము చల్లువాడు.

పినియను ప్రీలోడును కంటితో చూడలేము; కాటాతో తూచవచ్చును. సీలు బిగించుటకు ముందు, పినియను గిన్నెపైగాని, పినియనుకు తొడిగిన డోలుపైగాని పురికొస చుట్టి, కొసను స్ప్రింగు కాటాకు కట్టి, సమముగ లాగవలెను. కదలుటకు ముందు చూపు అంకె కాదు, సమముగ తిరుగుచున్నపుడు చూపు అంకెయే లెక్క. ఉదాహరణకు, తయారీదారు పుస్తకము 20 కిలో-సెంటిమీటర్ల త్రిప్పుడు కావలెనని చెప్పినదనుకొందము. పురికొస చుట్టిన చోట అడ్డుకొలత 10 సెంటిమీటర్లు. అనగా నడిమినుండి అంచునకు 5 సెంటిమీటర్లు. 20ని 5చే భాగించిన 4. కాటా 4 కిలోలు చూపవలెను. 2 కిలోలే చూపినచో బిగువు చాలదు. 8 కిలోలు చూపినచో బేరింగు కాలును. పాత బేరింగునే మరల వాడునపుడు కొత్తదానికంటె తక్కువ బిగువు ఇచ్చుట పద్ధతి.

మూడవది కేజి ప్రక్క బేరింగులు, బ్యాక్‌లాషు. ఇక్కడి సూత్రమును సభ్యులు జ్ఞాపకముంచుకొనదగును. రెండు ప్రక్కల షిమ్ముల మొత్తము ప్రీలోడును నిర్ణయించును. ఆ మొత్తము మారకుండ ఒక ప్రక్కనుండి రెండవ ప్రక్కకు షిమ్ము మార్చిన బ్యాక్‌లాషు మారును. అందుచే ముందు మొత్తమును నిర్ణయించి, పిమ్మట పంపకము చేయవలెను. తక్కెడలో రాళ్లు అవే. తట్టలు మాత్రమే మారును.

ఉదాహరణ: షిమ్ములు బేరింగు గిన్నెల వెలుపల, పెట్టె గోడకు ఆని ఉన్నవనుకొందము. క్రౌను వీపు వైపు 1.10, ఎదుటి వైపు 1.30, మొత్తము 2.40 మిల్లీమీటర్లు. ప్రీలోడు సరిగనున్నది. పినియనును కదలకుండ పట్టి, డయల్ గేజి ములుకును క్రౌను పంటి వెలికొనకు నిలువుగ ఆనించి, క్రౌనును ముందువెనుకలకు ఆడించిన గేజి 0.40 చూపినది. పుస్తకము 0.20 కోరుచున్నది. బ్యాక్‌లాషును 0.20 తగ్గింపవలెను, అనగా క్రౌను పినియను దగ్గరకు జరుగవలెను. షిమ్ము ఎంత మార్చినను బ్యాక్‌లాషు అంతయు మారదు. చాల జంటలలో సుమారు మూటికి రెండు పాళ్లు మారును. కావున మొదట 0.25 ఎదుటి వైపునుండి తీసి వీపు వైపు వేయవలెను. ఇప్పుడు వీపు వైపు 1.35, ఎదుటి వైపు 1.05, మొత్తము అదే 2.40. మరల కొలిచి, మిగిలిన తేడాను దిద్దవలెను. కొన్ని ట్రాక్టర్లలో షిమ్ములు బేరింగు గిన్నెను మోయు మూత అంచు క్రింద ఉండును. అక్కడ షిమ్ము కలిపిన ఆ ప్రక్క వదులగును గనుక లెక్క తలక్రిందగును. ముందు చెప్పిన ప్రశ్నను ఇక్కడను వేసికొనవలెను.

బ్యాక్‌లాషును ఒక్క చోట కొలిచి ఊరకుండరాదు. క్రౌనును పావువంతు చొప్పున త్రిప్పి నాలుగు చోట్ల కొలవవలెను. నాలుగు అంకెలును ఇంచుమించు ఒక్కటిగ నుండవలెను. ఒకచోట 0.15, ఎదురుగ 0.35 వచ్చినచో క్రౌను వంకరగ కూర్చున్నదని అర్థము. దానిని విప్పి తుడిచి కూర్చవలెను గాని షిమ్ముతో సరిపెట్టరాదు.

8. ఒరపిడి గుర్తు

అంకెలు సరిపోయినను తుది తీర్పు పళ్లదే. క్రౌను పళ్లలో నాలుగైదింటికి గుర్తు పేస్టును పలుచగ పూసి, క్రౌనును కొద్దిగ నిలవరించుచు పినియనును ఇరుదిశల త్రిప్పవలెను. పళ్లు ఒరసిన చోట పేస్టు తొలగి గుర్తు పడును. క్రౌను నడిమికి దగ్గరి కొసను లోకొన అనియు, వెలుపలి కొసను వెలికొన అనియు పిలుతము.

గుర్తు పంటి తలవైపు పడినచో పినియను దూరముగ నున్నది, దగ్గరకు జరుపవలెను. పంటి మొదటివైపు పడినచో పినియను మిక్కిలి లోతుగ నున్నది, వెనుకకు తీయవలెను. లోకొన అంచున పడినచో క్రౌనును పినియనునుండి దూరముగను, వెలికొన అంచున పడినచో దగ్గరగను జరుపవలెను. పినియనును కదలించిన ప్రతిసారి బ్యాక్‌లాషును మరల సరిచూడవలెను. ముందుకు లాగు ముఖమున గుర్తు పంటి ఎత్తునకు నడుమను, పొడవున నడిమికి కొంచెము లోకొన వైపును పడుట మేలు. బరువు పడినపుడు అది వెలికొన వైపు కొంత సాగి, పన్నంతయు భారమును మోయును.

ఇక్కడ పెక్కుమంది చేయు పొరపాటు ఒకటి కలదు. పళ్లు పెచ్చులూడక సమముగ అరిగియుండి, బేరింగులు మాత్రమే చెడినపుడు పాత క్రౌను పినియనులనే ఉంచవచ్చును. అప్పుడు వాటిని కొత్త జంటవలె 0.20 బ్యాక్‌లాషునకు తేరాదు. ఏండ్ల తరబడి కలిసి తిరిగిన పళ్లు ఒకదానికొకటి ఒక త్రోవ చేసికొనియుండును. వాటిని బలవంతముగ దగ్గరకు నెట్టినచో అరగని అంచులు ఒకదానినొకటి తాకి, శబ్దము హెచ్చి, పళ్లు విరుగును. పాత షిమ్ములతో, పాత స్థానముననే నిలిపి, కొత్త బేరింగుల ప్రీలోడును మాత్రము సరిచేయవలెను. పంటి అరుగుదల మిగిల్చిన సందు అట్లే ఉండనీయవలెను. ఆ సందు పుస్తకము చెప్పిన మితిని దాటినచో జంటను మార్చుటయే గతి. షిమ్ము అరుగుదలకు మందు కాదని ఆరంభమున చెప్పినది ఇందుకే.

9. మూసిన తరువాత

కొత్త సీళ్లు వేసి, గాలిగొట్టమును శుభ్రపరచి, పుస్తకము చెప్పిన రకపు నూనెనే గురుతువరకు పోయవలెను. పెక్కు ట్రాక్టర్లలో హైడ్రాలిక్కునకును వెనుక ఇరుసునకును నూనె ఒక్కటే. ఇష్టమువచ్చిన చిక్కని నూనె పోసిన లిఫ్టు చెడును. మొదట బరువు లేక కొంతదూరము నడిపి, ఆపి, పెట్టె ప్రక్కలను చేతితో తాకి చూడవలెను. గోరువెచ్చన సహజము, చేయి నిలువనంత వేడి ప్రీలోడు మితిమీరినదనుటకు గుర్తు. మొదటి దినములలో తేలికపాటి పని మాత్రము ఇచ్చి, సుమారు 50 గంటల పిమ్మట నూనె మార్చుట కొత్త పళ్లకు మేలు.

పాత ట్రాక్టరు కొను సభ్యులకొక మాట. శబ్దము దాచుటకు ఇరుసు నూనెలో రంపపుపొట్టుగాని, గట్టి గ్రీజుగాని కలిపి అమ్మువారు కొందరు కలరు. బేరమునకు ముందు కొద్ది నూనె దింపి వ్రేళ్లనడుమ రుద్ది చూచుట మరువరాదు.

10. సంఘము చేయగలది

పైని చెప్పిన పనికి కావలసిన సాధనములు ఐదు: అయస్కాంతపు పీఠముతో డయల్ గేజి, మైక్రోమీటరు, స్ప్రింగు కాటా, టార్కు రెంచి, బేరింగు పుల్లరు. ఏండ్లలో ఒక్కమారు వచ్చు పనికి ఒక్కొక్క యజమాని వీటిని కొనుట వ్యర్థము. ట్రాక్టర్లు గల సభ్యులు కలిసి సంఘము పేర ఒక జతను కొని, ఒకరి బాధ్యతపై ఉంచి, పెట్టెలో చిట్టా పెట్టినచో అందరికి చాలును. ప్రతి ట్రాక్టరునకు ఒక పుస్తకము తెరచి, నూనె మార్చిన తేదీ, షిమ్ముల మందములు, బ్యాక్‌లాషు నాలుగు అంకెలు, జత సంఖ్య వ్రాసియుంచవలెను. మెకానిక్కు మారినను పుస్తకము మారదు. పని ముగిసిన పిమ్మట మెకానిక్కును “ఎన్ని షిమ్ములు వేసితివి?” అని గాక, “ఏ అంకెలు వచ్చినవి?” అని అడుగవలెను. అంకెలు చెప్పలేని పనికి కూలి చెల్లించుటకు తొందరపడవలసిన పని లేదు.

రెండవ పంట కోతలు ముగిసి, రోహిణి ఎండలు ముదరకముందే ఇరుసు శబ్దములు వినుట, నూనె దింపి చూచుట, అవసరమైన విప్పుళ్లు పూర్తిచేసికొనుట తగును. మృగశిర చినుకులు పడిన తరువాత మెకానిక్కునకును తీరిక ఉండదు, రైతునకును తీరిక ఉండదు. మూలుగు వినబడిన ట్రాక్టరు ఏదైన సంఘమున ఉన్నచో, వచ్చు నెల సమావేశమునకు ముందే దాని నూనెను ఒక గాజుసీసాలో పట్టి తెచ్చి, సభ్యులందరి ఎదుట వెలుతురున పెట్టి చూడవలెను. విప్పవలెనో లేదో ఆ సీసాయే సగము చెప్పును.